కల్లం లెక్క వేరు, తాడు లెక్క వేరు

లింగాల అడవి అంచున ఉన్న ఊరు. ఒక దిక్కు చెలకలు, చెరువులు, జొన్న పండిన నేలలు. రెండో దిక్కు నల్లమల. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య దగ్గరికి పోయే జనంలో ఎంతోమంది ఈ ఊరి మీదుగానే అడవిలో దిగుతారు. అక్కడ పూజ చేసేది చెంచులు. అదే లింగాల నుంచి పడమటికి బయల్దేరితే వనపర్తి వస్తుంది, అది దాటి పోతే గద్వాల. ఒక్క పూట ప్రయాణం. 2016లో ఈ మూడు ఊళ్ళు మూడు జిల్లాల్లో పడినా, పాత లెక్కలో ఇదంతా పాలమూరే. ఇంత చిన్న మేరలో చేతిపని మూడు రకాల కట్టుబాట్ల కింద నడిచింది. పని చేసిన చెయ్యి ఒకటే అయినా, ఆ చేతికి రావలసింది ఎప్పుడు, ఎవరి నుంచి, ఏ లెక్కన వస్తుందన్నది మూడు చోట్ల మూడు తీర్లు. పల్లెలో కల్లం దగ్గర తేలేది. అడవిలో తాడు దగ్గర తేలేది. గద్వాలలో మగ్గం దగ్గర తేలేది. ఈ చరిత్రను ఇప్పుడు తిరగేయడానికి కారణం, చిత్రంగా, ఒక ఆట.

నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేసుకుని, కథ నడుపుతూ పాచికలతో ఫలితం తేల్చుకునే ఆటలకు రోల్ ప్లేయింగ్ గేమ్స్ అని పేరు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో అమెరికాలో అచ్చువేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వీటికి మొదలు. కత్తి పట్టినవాడికి ఈ ఆటల్లో పేజీలకు పేజీల నియమాలుంటాయి. ఆ కత్తి చేసినవాడికి మాత్రం కొద్ది వాక్యాలే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2000 నాటి కూర్పులో సరుకు ధరలో మూడో వంతు ముడిసరుకుకు పెట్టాలి, ఆ పైన పాచిక చెప్పినంత పని వారం వారం సాగుతుంది. 2014 కూర్పు ఇంకా తేల్చేసింది: పనిముట్టు పట్టడం వచ్చినవాడు రోజుకు ఐదు బంగారు నాణేల విలువైన సరుకు చేయగలడు, అందులో సగం ముడిసరుకు ఖర్చు. ఇది చాలక ఆటగాళ్ళు ఇంట్లో కూర్చుని తమ సొంత నియమాలు రాసుకుంటారు. కమ్మరికి మెట్లు, వైద్యుడికి మూలికల పట్టిక, వడ్రంగికి కర్రల జాబితా. ఎంత ఓపికగా రాసినా వీటన్నిటి అడుగున ఉండే సూత్రం ఒకటే: ముడిసరుకు, రోజులు, నేర్పు కలిస్తే వస్తువు, వస్తువుకు ధర, ధర చేసినవాడిది. ఇది ఒక దుకాణం చిట్టా. ఆట కదా, దానికి చరిత్రతో పనేమిటి అనుకోవచ్చు. కానీ ఆట ఏదో ఒకటి నేర్పకుండా ఊరుకోదు. వైకుంఠపాళి ఆడిన పిల్లలకు పాపానికి పాము, పుణ్యానికి నిచ్చెన అని ఎవరూ పాఠం చెప్పలేదు, వేళ్ళకే వచ్చేసింది. రోజుకు ఐదు నాణేల నియమం కూడా అలాగే ఒక లోకాన్ని నమ్మిస్తుంది: ఎక్కడైనా ఎప్పుడైనా చేతిపని అంటే అమ్మకానికి వస్తువు చేయడమే అని. పాలమూరు చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు.

ముందు కల్లం సంగతి. విజయనగర కాలం నుంచి తెలుగు, కన్నడ సీమల్లో ఊరి పని చేసేవాళ్ళను ఆయగాళ్ళు అన్నారు. లెక్కకు పన్నెండుగురు అంటారు గాని, ఆ పన్నెండు పేర్లు అన్ని ఊళ్ళలోనూ ఒకటి కావు. రెడ్డి, కరణం, తలారి, పురోహితుడు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, అవుసుల, మాదిగ, నీరడి. ఇందులో ఒకరు తగ్గితే ఇంకొకరు చేరతారు. నైజాం ఏలుబడిలో మరాఠీ నుంచి వచ్చిన ‘బలూతా’ అన్న మాట కూడా కాగితాల్లోకి ఎక్కింది. 1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందు పెట్టిన ఐదో నివేదిక దక్షిణాది ఊరిని వర్ణిస్తూ కమ్మరి, కుమ్మరులతోపాటు చెరువు నీళ్ళు పంచేవాడిని, పంచాంగం చెప్పే బ్రాహ్మణుడిని, పాడేవాడిని, కవిని కూడా అదే జాబితాలో చేర్చింది. మార్క్స్ 1853లో ఇండియా గురించి రాసినప్పుడు ఎత్తుకున్నది ఆ వర్ణననే. జాబితా అందరికీ నచ్చింది. లెక్క ఎలా నడిచేదన్నది చూసినవాళ్ళు తక్కువ.

లెక్క ఇది. నాగలి కర్రు మొద్దుబారితే రైతు కొలిమికి పోతాడు. కమ్మరి దాన్ని కాల్చి, సాగగొట్టి, పదును పెట్టి ఇస్తాడు. ఆ పూట చేతిలో పైసా పడదు. ఏడాదిలో ఎన్నిసార్లు పోయినా అంతే. నాగలి, గొర్రు, గుంటుకల మరమ్మతు వడ్ల ఆయనది, అంటే వడ్రంగిది. మోట కొట్టే బావికి తోలు తొండం, వార్లు, కాళ్ళకు చెప్పులు మాదిగ ఇంటి నుంచి వచ్చేవి. చచ్చిన పశువు తోలు మీద హక్కు కూడా ఆ ఇంటిదే. చేనుకు నీళ్ళు ఏ వంతున తిరగాలో చూసేది నీరడి. పంట కోసి, తూర్పారబట్టి, కల్లంలో రాశి పోసిన నాడు వీళ్ళంతా వస్తారు. గింజ రైతు ఇంటికి చేరకముందే ఎవరి వాటా వాళ్ళకు కుంచంతో కొలుస్తారు. ఆ వాటా పేరు మేర. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఎవరికెన్ని కుంచాలన్నది చాలా చోట్ల రైతుకున్న నాగళ్ళ లెక్కన ఉండేది. కొత్త బండి చేయించినా, ఇంటికి తలుపులు పెట్టించినా ఆ లెక్క వేరు. దానికి విడిగా ఇచ్చుకోవాలి. అంటే ఊరి కట్టుబాటు ఒక గీత గీసింది: ఉన్నదాన్ని నడిపించే పని మేర కిందికి, కొత్తది పుట్టించే పని బేరం కిందికి.

ఆ గీతే ఈ మొత్తం వ్యవహారానికి కీలకం. ఆట రాసేవాళ్ళు చేతిపని అనగానే కొత్త వస్తువును తలుచుకుంటారు. పల్లెలో కమ్మరి జీవితంలో అధిక భాగం పాత ఇనుమును మళ్ళీ పనికి తేవడంలో గడిచింది. ధర వస్తువుకు కడితే, కర్రు తొందరగా అరిగిపోవడం కమ్మరికి లాభం. మేర ఏడాదికి కడితే, కర్రు అరక్కుండా ఉండటమే అతనికి లాభం. అదే కట్టుబాటుకు రెండో ముఖం కూడా ఉంది: ఎప్పుడు చేసినా అదే కుంచం గనక ఈ పూటే చేసిపెట్టాలన్న తొందర అతనికి ఉండదు. మృగశిర కార్తెలో అందరి కర్రులూ ఒక్కసారే కొలిమి ముందుకు చేరినప్పుడు ముందు ఎవరిది కాల్చాలన్నది నాణేలతో తేలదు. కులం, పలుకుబడి, పాత బాకీ, మొహమాటం తేలుస్తాయి. వాన పడకపోతే కల్లంలో రాశి చిన్నది, మేరా చిన్నదే. కొలిమి ముందు కూర్చున్నవాడి ఆకాశం, దుక్కి దున్నినవాడి ఆకాశం ఒకటే. ఎండకు పేరుపడ్డ పాలమూరు నేలలో ఇది చిన్న మాట కాదు.

ఈ హక్కు ఒక మనిషిది కాదు, ఊరి మీద వంశానికి ఉన్నది. దీన్ని మిరాశీ అన్నారు. పక్కూరి కమ్మరి ఎంత నేర్పరి అయినా వచ్చి ఇక్కడ కొలిమి పెట్టడానికి లేదు. చేతిపని కులాలను ఆశ్రయించి బతికిన కథకులకు కూడా ఇదే సూత్రం వర్తించింది. విశ్వకర్మలకు రుంజవాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు కులపురాణం చెప్పేవాళ్ళు. ఏ ఊళ్ళు ఏ కుటుంబానికి మిరాశీయో పంచుకుని రాగిరేకుల మీద చెక్కించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆటలో పాత్రకు పూర్వకథ ఎవరికి వారు ఒక కాగితం మీద రాసుకుంటారు. ఇక్కడ ఆ కథ చెప్పడమే ఇంకొకరి వృత్తి, దానికి వేరే వాటా.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయడం కుదరదు. ఇంత పొందికైన ఏర్పాటు నిజంగా ఉండేదా, లేక చదువుకున్నవాళ్ళు అల్లిన బొమ్మా? విలియం వైజర్ 1936లో ఉత్తరాది ఊరు ఒకదాన్ని చూసి జజ్మానీ వ్యవస్థ అన్న పేరుతో పుస్తకం రాశాక, దేశం మొత్తానికి అదే అచ్చు గుద్దారు. 1989లో క్రిస్ ఫుల్లర్ ఆ భావననే తప్పుపట్టాడు: ధాన్యపు రాశిలో వాటాలు పంచడం ఒకటి, ఇంటింటికీ పని చేసి ప్రతిఫలం తీసుకోవడం ఇంకొకటి, అన్నిటినీ ఒకే సంచిలో వేసి కాలం తెలియని వ్యవస్థ అనడం చరిత్ర కాదు అన్నాడు. 1993లో పీటర్ మేయర్ జజ్మానీ అన్నది చాలావరకు పంతొమ్మిదో శతాబ్దం చివర రూపుదిద్దుకున్నదే అని వాదించాడు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. కానీ వాళ్ళ విమర్శ దక్కన్‌ను కొట్టిపారేయదు, ఇంకా స్పష్టం చేస్తుంది. హిరోషి ఫుకజావా పద్దెనిమిదో శతాబ్దపు మరాఠా కాగితాలు చూసి తేల్చింది ఏమిటంటే, బలూతాదారులు ఫలానా ఇంటికి కట్టుబడ్డవాళ్ళు కాదు, ఊరంతటికీ పనివాళ్ళు. తెలంగాణ వైపు ఇంకా పెద్ద సాక్ష్యం చట్టంలోనే ఉంది. 1955లో ఇనాములను రద్దు చేస్తూ హైదరాబాదు శాసనసభ చేసిన చట్టం, ఊరి సేవకు ఇచ్చిన ఇనాముల గురించి చెబుతూ సేతుసింధి, నీరడి, బలూతా ఇనాములను పేరుపేరునా తలచింది. బొమ్మగీసిన ఊహను చట్టం పేరు పెట్టి పిలవదు. కావలి కాసేవాడికి, నీళ్ళు పంచేవాడికి, పనివాళ్ళకు ఊరు నేల ఇచ్చి ఉంటేనే దాని గురించి రాయాల్సి వస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఈ కుంచాల ముచ్చట వింటే ఊరంతా ఒక కుటుంబం అనిపిస్తుంది, కాదు. నిజమే, కాదు. మేర తీసుకున్న చెయ్యే వెట్టికీ పోయింది. దొర ఇంట్లో పెళ్ళైతే కుండలు ఊరికే పోయాలి. అధికారి మకాం దిగితే చాకలి, కుమ్మరి, మాదిగ ఇళ్ళ నుంచి మనుషులు ఊరికే కదలాలి. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఇదే పాలమూరు సీమ మనిషి సురవరం ప్రతాపరెడ్డి. ఆ తర్వాతి సభల్లో వెట్టి మీద మాట పెరుగుతూ పోయి, 1946 నాటికి సాయుధ పోరాటమైంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది; 1976లో మళ్ళీ వెట్టిచాకిరీ రద్దు చట్టం తేవలసి వచ్చిందంటే అప్పటికీ అది చావలేదన్నమాట. కాబట్టి మేర గురించి రాసి వెట్టి వదిలేస్తే అది సగం లెక్క. నా వాదం దీనివల్ల పడిపోదు, పదునెక్కుతుంది. ఆటలో ప్రతి పాత్రకూ వృత్తి ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది, నచ్చకపోతే మార్చుకోవచ్చు. పల్లె నియమంలో మొదటి వాక్యమే వృత్తి ఎంచుకునేది కాదని. ఎవరు కాదనగలరు, ఎవరు కాదనలేరు అన్న గడి లేని వృత్తి పట్టిక ఏ కాలానిదైనా నమ్మదగింది కాదు. రోజుకు ఐదు నాణేల పట్టికలోనూ ఆ గడి లేదు.

మరో గడి కూడా అన్ని పట్టికల్లోనూ ఖాళీయే. కుమ్మరి మేర మగవాడి పేరున కొలిచారు. మట్టి తొక్కినవాళ్ళలో, కుండలు నెత్తిన పెట్టుకుని ఊరు తిరిగినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. మగ్గం నేతగాడిది అంటారు. కండెలు చుట్టింది ఇంట్లో ఆడవాళ్ళు. చాలా ఊళ్ళలో మంత్రసాని పని మంగలి ఇంటి ఆడవాళ్ళది. ఐదో నివేదిక జాబితాలో నాట్యం చేసే ఆమెకు చోటు దొరికింది, మంత్రసానికి దొరకలేదు.

ఇక తాడు. లింగాల దాటి అడవిలోకి నాలుగడుగులు వేస్తే కుంచం లెక్క ఆగిపోతుంది. అప్పాపూర్ లాంటి చెంచు పెంటల్లో, అంటే గూడేల్లో, ఆయగాళ్ళు లేరు, కల్లమూ లేదు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం అచ్చువేశాడు. దుంపలు తవ్వే కర్ర, విల్లు, వెదురు బుట్టలు, నారతో పేనిన తాళ్ళు వాళ్ళ చేతిపని. బుట్టలు, తేనె మైదానంలో ఇచ్చి గింజలు తెచ్చుకునేవాళ్ళు. కొండచరియకు వేలాడే పెద్ద తేనెపట్టు దింపడం వీటన్నిట్లో ప్రాణం మీది పని. తాడు పట్టుకుని చరియ మీంచి దిగినవాడి బతుకు పైన తాడు పట్టినవాడి చేతిలో ఉంటుంది. ఆ పైన నిలబడేది బావమరిది అన్నది చెంచుల్లో బాగా తెలిసిన కట్టుబాటు. అక్కచెల్లెలి పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడన్నది దాని తర్కం. ఇది ప్రేమ గురించిన మాట కాదు, అచ్చమైన వృత్తి నియమం. అపాయాన్ని పాచికకు వదలకుండా చుట్టరికానికి కట్టేసిన నియమం. దిగేవాడి నేర్పు ఎంత ఉన్నా, బావమరిది లేనినాడు ఆ పని జరగదు. తేనె కొట్టడం ఏరుకోవడమే గాని చేతిపని ఎలా అవుతుందని అడగవచ్చు. ఆ తాడు పేని, మనిషి బరువు మోస్తుందని పరీక్షించి, పొగ వేసే వేళ తెలుసుకుని, పట్టులో తేనె ఉన్న భాగాన్ని పిల్ల ఉన్న భాగం నుంచి వేరుచేసి కోసే పనికి ఇంకో పేరు నాకు తెలియదు.

మగ్గం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు, ఎందుకంటే ఆట రాసేవాళ్ళ చిట్టాకు దగ్గరగా ఉన్నది అదే. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచులు, కొంగు పట్టు. అంచుకూ ఒంటికీ వేరువేరు నాడెలు ఆడతాయి, రెండు రకాల పోగులు కలిసే చోట ఒకదానిలో ఒకటి మెలిపడతాయి. కుప్పడం అనే ఈ పని చూసినవాళ్ళకు గద్వాల సంస్థానం ఆ నేతను ఎందుకు ఆదరించిందో వేరే చెప్పాలా! ఈ నేతగాడు ఊరి పన్నెండుగురిలో ఒకడు కాడు. అతని సరుకు ఊరు దాటి అమ్ముడుపోతుంది. వస్తువుకు ధర ఉంది, రోజులకు లెక్క ఉంది, నేర్పుకు పేరుంది. కానీ చిట్టాలో చివరి వాక్యం మాత్రం ఇక్కడా తప్పుతుంది: ధర చేసినవాడిది కాదు. నూలు, పట్టు, జరీ మాస్టర్ వీవర్ ఇస్తాడు. నేసినవాడికి చీరకింత మజూరి. ముడిసరుకు సగం ఖర్చు పెట్టుకునే స్వతంత్ర పనివాడు గద్వాలలోనూ అరుదే.

ఆటంటే సరదాకు, ఇంత తవ్వితే ఆడేదెవరు అంటారు. ఆడదగ్గట్టే రాయవచ్చు. కమ్మరి పాత్ర వేసినవాడికి ఏడాది పొడుగునా నాణెం రాదు. మిగతా పాత్రల పనిముట్లు ప్రతి మలుపులో ఒక మెట్టు అరుగుతాయి, అతను పదును పెట్టకపోతే దున్నడం ఆగుతుంది. ఏడాది చివర వానకు ఒక పాచిక, ఆ రాశిలోంచి నాగలికింత మేర. ఎవరి పని వెనక్కి నెట్టాడో వాళ్ళు కల్లంలో గుర్తుపెట్టుకుంటారు. మకాం దిగిన అధికారి ఒక చీటీ. అది పడితే మేర లేని పని, కాదంటే ఏమవుతుందో ఆ చీటీ వెనక రాసి ఉంటుంది. తేనె పట్టుకు పోయే పాత్ర దిగబోయే ముందు, తాడు ఎవరి చేతికిస్తాడో పేరు చెప్పాలి. ఐదు నాణేల పట్టిక కంటే ఇందులో బల్ల దగ్గర మాట ఎక్కువ పుడుతుంది. పోట్లాట కూడా ఎక్కువే పుడుతుంది, ఆటకు కావలసింది అదే.

మేర లెక్క ఏ ఒక్క చట్టంతోనో ఒకనాడు ఆగలేదు. బోరు మోటారు వచ్చాక తోలు తొండం అక్కరలేకపోయింది. ట్రాక్టరుకు కర్రు అంగట్లో దొరుకుతుంది. 1980ల నడుమ పటేల్, పట్వారీలు పోయారు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ పంటది. ఈ సీమలో ఇప్పుడు చాలా చోట్ల పండేది పత్తి, పత్తి చేనుకు కల్లం ఉండదు. కుంచం పెట్టి కొలిచే రాశే లేనప్పుడు వాటా ఎక్కడ నిలబడుతుంది? పాలమూరు లేబరు అన్న పేరుతో గుంపు మేస్త్రీల వెంట ఆనకట్టలు కట్టడానికి దేశమంతా తిరిగినవాళ్ళలో ఈ కల్లాల నుంచి లేచిపోయినవాళ్ళూ ఉన్నారు.

అయినా కల్లంలో కుంచం పట్టినవాళ్ళు, ఆ కుంచం కోసం కొంగు చాపినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళు. ఆట కోసమైనా, చరిత్ర కోసమైనా నియమాలు రాసే ఓపిక ఉన్నవాళ్ళు ముందు మీ ఊళ్ళో ఒకరి దగ్గర కూర్చోండి. నాగలికి కమ్మరికి ఎన్ని కుంచాలు, వడ్ల ఆయనకు ఎన్ని, చాకలికి ఎన్ని, ఏ పని మేర కిందిది, ఏ పని వెట్టి కిందిది అని అడిగి, వాళ్ళు చెప్పిన అంకెలు చెప్పినట్టే రాసిపెట్టండి. రెండిళ్ళవాళ్ళను అడగండి, ఇచ్చిన ఇంటి అంకె, తీసుకున్న ఇంటి అంకె ఒకటి కాకపోవచ్చు.